చెల్లాయమ్మ కోరిన గొట్టము

వర్షధారాధౌతములై మరకతచ్ఛాయల నీను కొండకొమ్ములపై నాశ్వయుజప్రభాతకిరణములు ప్రసరించుచుండ, పొట్టకు వచ్చిన చోడిచేలలో నడవిపందులు గావించిన విధ్వంసమా వెలుగున బయల్పడుచుండ, కోదువలస కోటముంగిట జనులు వేటపెద్ద నెన్నుకొనుటకై గుమిగూడిరి.

వేటపెద్దయైన సింహాద్రిరాయుడు గతించి యేడాది యయ్యెను. ఆ పదవి యెవరికి దక్కునో వారి పిలుపుననే యూరు కదలి పందులను దరుమును. పైరు నిలుచుటయు నశించుటయు నా పిలుపుననే యున్నవి. మృతుని పినతండ్రికొడుకు జగ్గారాయు డా పదవిని గోరెను. మృతుని యిల్లాలు చెల్లాయమ్మయు గోరెను. ఆ యూరి కట్టడి యేమనగా ఉదయమున నమ్మవారియెదుట కుంకుమ యద్దిన యొక్క తుపాకిగొట్టముతోడనే ప్రొద్దు గ్రుంకులోపల పిట్టను గుందేటిని బందిని వేటాడవలెను. నడుమ గొట్టము మార్చినవారికి బెద్దరికము లేదు.

తుపాకులు బాగుచేయు ఖాసీం సాహెబు మూడు గొట్టములను చాపపై బఱచెను. జగ్గారాయుడు మీసము దువ్వుచు మిక్కిలి నిడుపై మూతి యిఱుకైన దానిని బైకెత్తెను. చెల్లాయమ్మ చేయి నడిమిదానిపై నిలిచెను.

"వదినగారూ, అది గరిటె కాదండోయ్!" అని యతడు నవ్వెను.

"ఒక్క గరిటెతోనే పప్పూ పులుసూ వడ్డిస్తాం మరిదిగారూ. గిన్నెకో గరిటె వెతుక్కునేది మీరే."

పదియేండ్లు భర్తకు తోటాలు నింపిన యా యిల్లాలు పెరటిదడికి బాతచీరలు గట్టించి వానిపై దుపాకి కాల్చి, యే గొట్టము సీసపురవ్వల నెంతదూరమున నెంతమేర జల్లునో చిల్లులు చూచి తెలిసికొనియుండెను. ఇఱుకుమూతి దూరమునకే మేలు. వెడల్పుమూతి చేరువకే మేలు. నడిమిది రెంటికిని జాలును, పెద్దగుండును సైతము నిరపాయముగా వదలును.

మధ్యాహ్నమునకు జగ్గారాయుడు దవ్వున నెగిరిన కౌజుపిట్టను జూపఱు మెచ్చ గూల్చెను గాని, కాలియొద్దనుండి లేచిన కుందేటిపై నతని రవ్వలు చెదరక పిడికెడుచోటనే పడి మట్టిని లేపెను. చెల్లాయమ్మ సంచిలో రెండును జేరెను.

ప్రొద్దు వాలువేళ డప్పులమ్రోతకు బెదరి యేకలమను నొంటరి యడవిపంది పొదలు చీల్చుకొని వచ్చెను. జగ్గారాయుడు గుండుతోటాను దీయగా సాహె బతని మణికట్టు పట్టుకొనెను.

"వద్దు దొరా! ఆ ఇరుకుమూతిలో గుండు పట్టదు. గొట్టం పగిలి మీ మొహానికే వస్తుంది!"

చెల్లాయమ్మ యడుగు వెనుకకు వేయలేదు. ఇరువదియడుగుల దూరమున నొక్కటే మ్రోత. ఏకలము మోకరిల్లెను.

కోటముంగిట పూజారి పెద్దరికపు బొట్టు పెట్ట గుంకుమభరిణతో నెదురేగి, బొట్టులేని యామె నొసలు చూచి నిలిచిపోయెను.

"మొగుడు లేని నొసట బొట్టేమిటి? ఈ పెద్దరికం చెల్లదు!" అని జగ్గారాయుడు కేకవేసెను.

చెల్లాయమ్మ తుపాకిని నిలువుగా బట్టెను. "పొద్దున ఇదే కుంకుమ ఈ గొట్టానికి పెట్టారు. దాని మొగుడెవరని ఎవరైనా అడిగారా?"

ఆమె గొట్టముపైనున్న కుంకుమను మందుమసితో గూడ బొటనవ్రేల దీసి తన నొసట దానే దిద్దుకొనెను.

"రేపు కోడికూతకి అందరూ చోడిచేల దగ్గరికి రండి. మరిదిగారూ, మీరూను. గొట్టం మార్చుకుని రండి."

డప్పులు మ్రోగెను. అస్తమించు సూర్యుని యెఱుపున నా నల్లనియెఱ్ఱనిబొట్టాఱిపోని నిప్పుకణమువలె వెలుగుచుండ, పూజారి భరిణ మూతవేసి యామెకు దారి యిచ్చెను.