మస్కట్ డ్రైవరు, రావల్కోల్ డ్రైవరు

పొద్దున్నే టమాటా ట్రేలు వ్యాన్‌లోకి ఎక్కించి తాళంచెవి కోసం చెయ్యి చాపాను. నా భర్త సోహైల్ ఇవ్వలేదు.

"ఇగ నేనొచ్చిన గద సాలేహా. నువ్వు పక్కన కూసో."

మస్కట్‌లో తొమ్మిదేళ్లు కంపెనీ కారు నడిపి వారం కిందటే వచ్చాడు. అక్కడ ఆయన నడిపితే ఉద్యోగం. మామ కుతుబుద్దీన్‌కు మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి, ఆరేళ్లుగా, మా ఊరు రావల్కోల్ నుంచి మేడ్చల్ మార్కెట్‌కు నేను నడిపితే మాత్రం మా అత్త లెక్కలో "కోడలు బయట తిరుగుతది". రొట్టెలు కాల్చి, పిల్లల్ని బడికి తయారుచేసి స్టీరింగ్ పట్టుకునేదాన్ని. ఎవరైనా అడిగితే మామ "జరంత సాయం జేస్తది" అనేవాడు. ఆ "జరంత" దారి పొడుగునా నన్ను గుచ్చేది.

సోహైల్ ముందు ఎడమ తలుపు తీశాడు. మస్కట్ కార్లకు స్టీరింగ్ అటే ఉంటుందట. నవ్వు ఆపుకున్నాను.

"అక్కడ అంతా ఆటోమేటిక్. గేర్ల పరేషానే లేదు. ఊకె హారన్ కొట్టరు. నీక్కూడా ఆటోమేటిక్ కారే కొంట. ఆడోళ్లకు క్లచ్ ఎందుకు?"

చెబుతూ చెబుతూ మలుపులో, అక్కడి అలవాటుకొద్దీ, రోడ్డుకు కుడివైపు పట్టాడు. ఎదురుగా లారీ. "ఎడమకు తిప్పుండ్రి!" అని అరిచాను. తిప్పాడు గానీ, అక్కణ్ణుంచి రెండో గేరు దాటలేదు. జాలేసింది.

ఆ తర్వాత ఎత్తు మీద బండి ఆగిపోయింది. స్టార్ట్ చేసినప్పుడల్లా వెనక్కి జారుతోంది. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"జల్దీ దిగు. టైరు కింద రాయి పెట్టు."

దిగి పెట్టాను. ఆరేళ్లలో ఈ ఎత్తు మీద నాకెవరూ రాయి పెట్టలేదు. పెట్టే అవసరమూ రాలేదు. చున్నీ నడుముకు బిగించి ఆయన వైపు తలుపు తీశాను.

"జరుగుండ్రి."

పక్క సీట్లోకి జరిగాడు. హ్యాండ్‌బ్రేక్ లాగి, క్లచ్ సగం వదిలి, ఇంజన్ గొంతు మారేదాకా ఆగి బ్రేక్ వదిలాను. బండి వెంట్రుకవాసి కూడా వెనక్కి పోలేదు. నా బండి!

మార్కెట్‌లో సరుకు దించి ఇంటికి రాగానే మామ "ఎట్లుంది బేటా బండి?" అని అడిగాడు.

"క్లచ్ ఖరాబైంది అబ్బాజాన్. అమ్మేద్దాం" అన్నాడు సోహైల్, నావైపు చూడకుండా.

ఇలాంటి మాటలప్పుడు నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఆరోజు పోలేదు.

"క్లచ్ మంచిగనే ఉంది అబ్బాజాన్. ఆయనకు అలవాటు తప్పింది, రేపటి సంది నేనే నేర్పిస్త. బండి అమ్మేది లేదు. నడిపేది నేను."