కల్వర్టు మీద లాంతరు

మా ఊరి రోడ్డుకి కరెంటు స్తంభాల లోటేం లేదు. పలాస రోడ్డు నుంచి సముద్రం ఒడ్డు దాకా వరసగా నిలబడి ఉంటాయి. బల్బులే ఉండవు. మంత్రిగారెవరైనా వస్తున్నారంటే ప్రతి స్తంభానికీ ఒకటి వెలుగుతుంది. ఆయన కారు లేపిన దుమ్ము అణగకముందే అవన్నీ దిగిపోయి, సర్పంచి సోమేశ్వరరావు గారి జీడితోటకి చేరతాయి. జీడిపిక్కలకి చీకటంటే భయం కాబోలు.

ఆ రోడ్డు మీదే ఒక కల్వర్టు ఉంది. పలాస నుంచి వస్తుంటే ఎడమవైపు పిట్టగోడ తొంభై తొమ్మిది తుపానుకి కూలిపోయింది. అప్పట్నుంచి పొద్దుగూకితే సైకిళ్లూ మోటారు సైకిళ్లూ కాలవలోకి దిగుతూనే ఉన్నాయి. మా ఊరి కూర్మారావు అక్కడే పడి ప్రాణం వదిలాడు. పంచాయతీ వాళ్లు రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ మౌనం ఇంకా నడుస్తోంది.

నీలమ్మకి భయం పట్టుకుంది. ఆమె మొగుడు సన్యాసయ్య నలభయ్యేళ్లు పడవ నడిపి, చేపలు తగ్గాక పాత ఆటో కొన్నాడు. ఒడ్డున పడ్డ చేపల్ని పలాస మార్కెట్లో దించి, చీకటి పడ్డాక ఆ దారినే తిరిగొస్తాడు. ఆటో ముందు దీపం ఉందంటే ఉంది. నీలమ్మ సర్పంచి ఇంటికెళ్లింది.

"బాబూ, కల్వర్టు కాడ ఒక్క బల్బు ఎట్టించండి. మా ముసలోడు ఏ రోజు కాలవలో పడతాడో అని పేణం పీకేత్తంది."

సోమేశ్వరరావు గారు తమలపాకుకి సున్నం రాస్తూ నవ్వారు. "నీకు తెల్దే నీలమ్మా. సీకటుంటే మెల్లిగా ఎల్తారు. దీపమెడితే స్పీడు పెరిగిపోద్ది. మీ మంచికే సెప్తన్నాను."

ఇంతటి తెలివి ఒక్క మా ఊరికే దక్కడం అన్యాయం.

నీలమ్మ ఇంటికొచ్చి లాంతరు తుడిచింది. పిట్టగోడ కూలిన చోట వెదురుగడ పాతి దాన్ని వేలాడదీసింది. ఇక్కడ గండి ఉంది, తప్పుకోండి అని ఆమె ఉద్దేశం. ఊరంతా మెచ్చుకుంది. పలాసలో ఉన్న సన్యాసయ్యకి మాత్రం ఆ సంగతి తెలీదు.

మా ఒడ్డున ఒక పద్ధతుంది. చీకట్లో పడవలు తిరిగొస్తుంటే, అల నెమ్మదిగా ఉన్న చోట ఆడవాళ్లు లాంతరు ఎత్తి పట్టుకుంటారు. పడవ సూటిగా దాని మీదికే రావాలి. నలభయ్యేళ్లు నీలమ్మ లాంతరు మీదికే పడవ తోలినవాడు సన్యాసయ్య. ఆ సాయంత్రం దూరం నుంచే లాంతరు చూశాడు. తనింటిదేనని పోల్చుకున్నాడు. ఆటోని దాని మీదికి తిప్పాడు.

కాలు విరిగింది. మేం నలుగురం కాలవలోంచి పైకి లాగుతుంటే, "నువ్వు పిలుత్తన్నావనుకున్నానే," అన్నాడు పెళ్లాంతో. నీలమ్మ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

సర్పంచిగారు మాత్రం హుషారుగా వచ్చారు. "సూసారా? నాను సెప్పలేదా? దీపం వల్లే యాక్సిడెంటు! ఇకనించి రోడ్డు మీద దీపం కనిపిత్తే పెమాదమని తెలుసుకోండి. దానికి ఎడంగా పోండి," అన్నారు. ఆ మాటే ఊళ్లో దండోరా కూడా వేయించారు.

మర్నాడు సాయంత్రం నీలమ్మ మళ్లీ కల్వర్టు దగ్గరికొచ్చింది. "లాంతరుది తప్పు కాదు, నానెట్టిన సోటు తప్పు. దారున్న కాడ ఎట్టాల," అంటూ గోడ గట్టిగా ఉన్న కుడివైపు దాన్ని వేలాడదీసి, పక్కనే కూర్చుంది. చేపల ఆటోలవాళ్లు ఒడ్డు అలవాటు కొద్దీ ఆ దీపం మీదికే తోలుకుంటూ ఒక్కొక్కరే క్షేమంగా దాటిపోయారు.

ఆ వెనకే టెక్కలిలో పెళ్లి భోజనం చేసి, సర్పంచిగారు పలాస వైపు నుంచే తనే జీపు నడుపుకుంటూ వచ్చారు. కుడివైపు దీపం కనిపించింది. తన దండోరా తాను పాటించని మనిషి కాదాయన. దీపానికి ఎడంగా, బాగా ఎడంగా తిప్పారు.

జీపు కాలవలోకి దిగి బురదలో కూరుకుపోయింది. దెబ్బలేం తగల్లేదు, పట్టుపంచె మాత్రం రూపు మారిపోయింది. "ఎవురక్కడ? ఏటీ కనపడ్డం లేదు! బేగి దీపం అట్టుకు రండి!" అని కిందనుంచి కేకలేశారు.

నీలమ్మ లాంతరు తీసుకుని గట్టు మీద నిలబడింది.

"వద్దు బాబూ. సీకటైతే మెల్లిగా ఎక్కుతారు. దీపమెడితే స్పీడు పెరిగిపోద్ది."

"ఓలమ్మా, తెల్లారగానే ఇక్కడ బల్బు ఎట్టించేత్తానే!"

"అలగైతే తెల్లారినాకే ఎక్కుదురు గానీ. మీ మంచికే సెప్తన్నాను," అని నీలమ్మ లాంతరు వత్తి తగ్గించింది.