కార్డు ఒకరిది, దగ్గు ఒకరిది

దొంగదగ్గు దగ్గడం అంత సులువేం కాదు. అసలు దగ్గయితే తనంతట తానే వస్తుంది. దొంగదగ్గును మాత్రం గొంతులోంచి బతిమాలి లాగాలి. మెట్‌పల్లి బీడీ కార్మికుల దవాఖానలో వరుసలో నిలబడి లింగవ్వ పొద్దుటినుంచీ ఆ పనే చేస్తోంది. కొంగు కింద చిన్న సీసా దాచుకుంది. అందులో ఉన్నది కోడలు బాలలక్ష్మి తెల్లారి లేచి ఉమ్మిన కళ్లె.

రోగం కోడలిది, కార్డు అత్తది. వాళ్ల వాడకట్టులో ఏ గడప తొక్కినా ఇదే సంగతి. ఇంటికొక్కటే కార్డు. కార్ఖానావాళ్లు తునికాకు, తంబాకు ఆ కార్డు మీదనే ఇస్తారు. ఇంట్లో ఎవరు బీడీలు చుట్టినా అవన్నీ ఆ ఒక్క పేరు మీదే జమ. లింగవ్వకు చూపు మందగించి ఏళ్లయింది. ఆకు కత్తిరించబోయి వేళ్లు కోసుకునేది. అప్పటినుంచీ బీడీల చాట ముందు కూర్చునేది బాలలక్ష్మే. కానీ కాగితాల ప్రకారం చుట్టేది లింగవ్వ కనుక జబ్బు చేస్తే మందు కూడా ఆమెకే. కార్డులో మొగుడు, పిల్లల పేర్లు ఎక్కుతాయి గానీ కోడలి పేరు ఎక్కదు. ఇదెక్కడి న్యాయమో రాసినవాళ్లకే తెలియాలి.

రెండో కార్డు అడుగుదామని లింగవ్వ ఓసారి కార్ఖానా లెక్కలు రాసే మున్షీ సిద్దిరాములు దగ్గరికి పోయింది.

"ఒక్కింటికి రెండు కార్డులా అవ్వా? నువ్వు చుడుతలేవని తెలిస్తే ఉన్నది గూడ గుంజుకుంటరు. సప్పుడు జెయ్యకుండ ఇంటికి పో" అన్నాడాయన.

సర్కారు దవాఖానలో ఎప్పుడడిగినా మందు రాలేదనే జవాబు. బయట కొనాలంటే మస్కట్ పోయిన కొడుకు కొండల్‌కు జీతం సక్కగా అందితే కదా. అందుకే ఈ దొంగదగ్గు.

కళ్లె పరీక్ష అయిందన్న రోజు డాక్టరు లింగవ్వను పిలిచి కూర్చోబెట్టాడు.

"టీబీ ఉన్నదవ్వా. ఫికర్ పడకు, తగ్గుతది. గోలీలు ఇంటికి తీస్కపో. సూది మాత్రం రోజూ ఈడికొచ్చి ఏసుకోవాలె."

గోలీలనగానే లింగవ్వకు ప్రాణం లేచివచ్చింది. సూది అనేసరికి, అది కోడలికెలా చేరుతుందని దిగులు పడింది.

"సూదిమందు గూడ చేతికే ఇయ్యిర్రి సారూ. మా వాడకట్టుల ఏసేటోళ్లున్నరు."

"అట్ల ఇయ్యం. ఏసుకోనంటే గోలీలు గూడ ఇయ్యం."

ఏం చేస్తుంది! చీర సర్దుకుని బల్ల మీద బోర్లా పడుకుంది. కోడలికి పోవలసిన మందు తన ఒంట్లోకి మంటగా దిగుతుంటే కళ్లు మూసుకుని దేవుణ్ణి తిట్టుకుంది.

"చెవులు మోగినా, తల తిరిగినా ఎంటనే చెప్పాలె. ముసలోళ్లకు గీ సూదితోటి జర పైలం" అన్నాడు కాంపౌండరు, దూది అదిమిపెడుతూ.

ఇంటికొచ్చి చెబితే బాలలక్ష్మి నెత్తి కొట్టుకుంది.

"నా సూది నువ్వేసుకునుడేంది అత్తా! నీకేమన్న అయితే?"

"నాకేమైతది? అసలు మందు గోలీలల్లనే ఉంటది. సూది ఊకె బెదిరియ్యనీకె. నువ్వు మింగు."

నిజంగానే మొదట్లో గుణం కనిపించింది. జ్వరం తగ్గింది, బాలలక్ష్మి కంచంలో పెట్టింది వదలకుండా తినసాగింది. లింగవ్వ రోజూ పోయి సూది వేయించుకుని, నొప్పికి ఒక పక్కకే ఒరిగి కూర్చుని, అదో పుణ్యకార్యమన్నట్టు మురిసిపోయేది. కొన్నాళ్లకు చెవుల్లో హోరు మొదలైంది. నడుస్తుంటే నేల కదిలిపోయేది. గోడలు పట్టుకుని దవాఖానకు పోయేది. కాంపౌండరు అడిగితే, "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అనేది. ఉన్నదంటే సూది ఆపుతారు. సూదితోపాటు గోలీలూ ఆపుతారని ఆమె భయం.

ఎండలు ముదిరేసరికి ఇంట్లో దగ్గు ఆగిపోయింది. ఆ పొద్దు లింగవ్వ సంబరం చూడాలి. పక్కింటి శంకరవ్వను గోడ మీదుగా పిలిచి మరీ చెప్పింది.

"మా పిల్లకు దగ్గు మొత్తం పోయింది. కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ కొట్టాలె."

శంకరవ్వ బిత్తరపోయి చూసింది. ఏదో అన్నది. మంచిమాటే అయ్యుంటుందని లింగవ్వ తలాడించి లోపలికి వచ్చింది.

శుక్రవారం కోడలికి తలంటు పోసింది. వాకిట్లో పీట వేసి ముందు కూర్చోబెట్టుకుని చిక్కు తీస్తోంది. ఎడమ చేయి వీపు మీద ఆనించి కుడిచేత్తో దువ్వెన లాగబోతే ఆ వీపు అదిరింది. తడిసిన జుట్టుకు చలేస్తోందేమో అనుకుంది. మళ్లీ అదిరింది. ఆగకుండా, పక్కటెముకలు విరిగిపోతాయేమో అన్నంతగా ఎగిసిపడింది. చప్పుడు మాత్రం లేదు.

లింగవ్వ ముందుకు వంగి చూసింది. బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డంపెట్టుకుని దగ్గుతోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

దగ్గు ఎక్కడికీ పోలేదు. పోయినవి తన చెవులు.

"ఎన్నడు తగ్గిందే నీకు?" అని అడిగింది. తన మాట తనకే దూరంగా ఎక్కడో వినిపించింది.

బాలలక్ష్మి ఆమె చెవికి నోరు ఆనించి అరిచింది.

"నడుమల జర తగ్గి మళ్ల మొదలైందత్తా! నువ్వు గంత సంబురపడుతుంటే ఎట్ల చెప్పాలె?"

లింగవ్వకు ఏడుపొచ్చింది. సిద్దిరాములు మీద, కార్డు మీద, అన్నిటికంటే ఎక్కువగా తన తెలివితక్కువతనం మీద కోపమొచ్చింది. పిల్లకు పోవలసిన సూదిమందంతా తన ఒంట్లో వృథా అయిపోయింది. పైగా దగ్గు పోయిందని ఊరంతా చాటుకుంది.

"లే. ఇప్పుడే పోదాం. రోగం నీదేనని సారుకు నిజం చెప్త" అంది, దువ్వెన కింద పెట్టి.

బాలలక్ష్మి ఆమె చేయి పట్టుకుని వద్దని తల అడ్డంగా ఊపింది. కార్డు పోతే ఆకు రాదు. ఆకు రాకపోతే పొయ్యి వెలగదు. అది లింగవ్వకు తెలియనిదా?

"పోతే పోనియ్యి. కార్డున్నదని నిన్ను పోగొట్టుకోవాల్నా?"

బాలలక్ష్మి జవాబు చెప్పబోయింది. మళ్లీ దగ్గు తెర వచ్చి వంగిపోయింది. లింగవ్వ ఆ వీపు మీది చేయి తీయకుండా, అది నిమ్మళించేదాకా వాకిట్లోనే కూర్చుంది. తర్వాత తడి జుట్టును అలాగే ముడివేసి కోడల్ని లేపింది.