యూనిఫాం వద్దన్నారు

యూనిఫాం వేసుకురావద్దని లక్ష్మీనరసింహంగారు ముందురోజే చెప్పారు.

"మామూలు చీర కట్టుకో అమ్మా. నర్సుని వెంటబెట్టుకొచ్చామని తెలిస్తే బాపట్లంతా గుప్పుమంటుంది."

సరే అన్నాను. తెనాలిలో మా నరాల ఆసుపత్రికి వచ్చేవాళ్ళంతా ఇలాంటివే అడుగుతారు. బోర్డు మీద పిచ్చి అన్న మాట ఎక్కడా లేదు, అయినా గుమ్మం దాటేటప్పుడు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. బాపట్లవాళ్ళు తెనాలి వస్తారు, తెనాలివాళ్ళు గుంటూరు పోతారు. ఎవరి పరువు గోల వాళ్ళది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒళ్ళు మండిపోయేది. ఎనభై ఏడు నాటికి ఆ మంట కూడా చల్లారిపోయింది.

నా పేరు గంగరత్నం. మాది రేపల్లె అవతల సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. మా నాన్న పోలయ్య పడవ మీద వేటకి వెళ్ళేవాడు. నేను నల్లగా ఉంటాను, గొంతు పెద్దది. తెల్ల యూనిఫాంలో ఉంటే సిస్టరుగారూ అంటారు, అది లేకపోతే ఏమే అంటారు. ఇది ఫిర్యాదు కాదు, ఉన్న సంగతి చెబుతున్నానంతే.

లక్ష్మీనరసింహంగారి భార్య రాజరాజేశ్వరిగారు బాపట్లలో ఒక ప్రైవేటు ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. వేసవి సెలవుల్లో ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది. రాత్రీ పగలూ ఒకటే మాటలు. ఇంట్లో గిన్నెలూ చీరలూ దారినపోయేవాళ్ళని పిలిచి పంచిపెట్టేసింది. ఆ తర్వాత ఒక్కసారిగా కుంగిపోయి, గోడవైపు తిరిగి పడుకుండిపోయింది. అప్పుడు తెచ్చి మా దగ్గర చేర్చారు. పక్క మంచం మీద మా పల్లె నుంచే వచ్చిన అంజమ్మ ఉండేది. ఆవిడదీ అదే జబ్బు, అవే మాత్రలు. కాస్త కోలుకున్నాక ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని వంటమనిషికి చిక్కుడుకాయలు ఒలిచిపెట్టేవాళ్ళు. టీచరుగారికి పూర్తిగా నెమ్మదించిందనీ, మందులు మానకుండా పనిలోకి వెళ్ళవచ్చనీ మా డాక్టరుగారు చెప్పారు.

స్కూలు తెరిచి అప్పటికి రెండు నెలలైంది. టైఫాయిడ్ వచ్చిందని లక్ష్మీనరసింహంగారు ఎవరో తెలిసిన డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించారు. భార్యకి మాత్రం నా ముందే తెగేసి చెప్పారు.

"స్కూలువాళ్ళు చేర్చుకుంటే అటునుంచి అటే ఇంటికెళ్దాం. లేదంటే మళ్ళీ తెనాలే. ఇంట్లో ఊరికే కూచుంటే నీకు మళ్ళీ మొదలవుద్ది. నా వల్ల కాదు."

ఆవిడ బట్టలన్నీ సంచిలో సర్దుకుంది. దారిలో ఏదైనా తేడా చేస్తుందేమోనని ఆయన భయం, అందుకే నన్ను రమ్మన్నారు. ఆవిడ ఏ తేడా చెయ్యలేదు. రైల్లో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"ఏడో తరగతి వాళ్ళకి బీజగణితం మొదలెట్టేసుంటారు గంగరత్నం. మొదటి పాఠం సరిగ్గా చెప్పకపోతే పిల్లలకి జన్మంతా భయమే" అంది. ఆ స్కూలు మీద ఆవిడకి ప్రాణం.

స్కూలు కరస్పాండెంటు శ్రీరామచంద్రమూర్తిగారు ఇద్దరికీ కుర్చీలు వేయించారు. నేను సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన సర్టిఫికెట్ చూసి, టీచరుగారిని చూసి, అయ్యో ఎంత చిక్కిపోయారండీ అన్నారు. అంతా బాగానే నడుస్తోంది. లేవబోతుంటే ఆయన గొంతు తగ్గించారు.

"ఏమనుకోవద్దండి. తెనాలిలో పిచ్చి డాక్టరు దగ్గర మీవాళ్ళని ఎవరో చూశారట. ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా..."

లక్ష్మీనరసింహంగారికి ముఖాన నెత్తురుచుక్క లేదు. అంతలో కరస్పాండెంటుగారి చూపు నా మీద పడింది. నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"ఓహో! ఈ మనిషికా!"

"అవునండి" అన్నారు లక్ష్మీనరసింహంగారు ఠక్కున. "మా పనిమనిషండి. పాపం దిక్కులేంది కదాని మేమే చూపిస్తున్నాం."

"ఎంత మంచి మనసండీ మీది! వీళ్ళల్లో ఇవి ఎక్కువే లెండి. తాగుళ్ళూ, దయ్యాలూ. మన ఇళ్ళల్లో ఎందుకొస్తాయి ఇలాంటి రోగాలు?" ఆయన నా వైపు తిరిగి, చెవిటిదానితో మాట్లాడినట్టు గట్టిగా అడిగారు. "ఏమ్మా! అన్నం తింటున్నావా? నిద్ర పడతాందా?"

కోపం రావాలి, రాలేదు. ఆవిడ ఉద్యోగం నిలబడితే చాలు, ఈ అరగంట నేను పిచ్చిదాన్నయితే కొంపేం మునగదు అనుకున్నాను.

రాజరాజేశ్వరిగారు నా వైపు చూసింది. ఆ మందులకి ఆవిడ మాట కాస్త నెమ్మదించింది, నోటిదాకా రావటానికి టైము పడుతుంది.

"ఆవిడ నర్సండి. నాకు మందులిచ్చేది ఆవిడే. జబ్బు నాది. ఇప్పుడు తగ్గింది."

ఎంత శుభ్రంగా చెప్పిందో! నెలల తరబడి ఆవిడ నోట విన్న మాటల్లో అంత తెలివైన మాట ఇంకొకటి లేదు.

లక్ష్మీనరసింహంగారు చెయ్యెత్తి అడ్డుపడ్డారు. "జ్వరం తలకెక్కిందండీ ఆమధ్య. అప్పుడప్పుడూ ఇట్టా ఏదో అంటుంది."

కరస్పాండెంటుగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఆ చప్పుడు వినగానే నాకు నోరు ఊరుకోలేదు.

"ఆవిడ చెప్పింది నిజమేనండి. నేను తెనాలి ఆసుపత్రి నర్సుని. టీచరుగారు నిక్షేపంగా పాఠాలు చెప్పగలరండి."

నా గొంతుకి బయట ఉన్న ప్యూను కూడా తొంగిచూశాడు. కరస్పాండెంటుగారు జాలిగా తల ఊపారు.

"చూడండి పాపం, నర్సునంటోంది."

లక్ష్మీనరసింహంగారు అవునని కూడా అనలేదు, కాదని కూడా అనలేదు. బల్ల మీదున్న సర్టిఫికెట్ తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆరోగ్యం పూర్తిగా కుదుటపడ్డాక చూద్దామని కరస్పాండెంటుగారు మర్యాదగానే చెప్పి, మమ్మల్ని గేటుదాకా దిగబెట్టి రమ్మని ప్యూనుకి సైగ చేశారు. వాడు దూరం దూరంగా నడిచాడు. టీచరుగారికీ నాకూ ఇద్దరికీ అదే దూరం.

స్టేషన్లో లక్ష్మీనరసింహంగారు రెండు టిక్కెట్లు కొని నా చేతిలో పెట్టారు. ఆయన ముఖం మీద కోపం లేదు, బాగా అలిసిపోయి ఉన్నాడు మనిషి. "ఏం చెయ్యమంటావమ్మా, నోరు మూసుకుని కూచుంటే అయిపోయేది" అని నాతో అని, భార్యతో ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఎండ చురచురలాడుతోంది. ఆవిడ ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

"గంగరత్నం, నాకు తగ్గిందా?"

"తగ్గిందండి."

"నువ్వు చెప్తే చాలా?"

వెటకారానికి కాదు, నిజంగానే అడిగింది. పరీక్షలో లెక్క తప్పిన పిల్ల ఎక్కడ తప్పిందో అడిగినట్టు అడిగింది.

"చాలదండి" అన్నాను.

"నేను చెప్పుకున్నా చాలదు."

"చాలదండి."

ఆవిడ నా దగ్గరున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నాకు తగ్గినా తగ్గనట్టే."

కాదని చెప్పటానికి నోరు తెరిచాను. ఆసుపత్రిలో రోజూ పదిమందికి చెప్పే ధైర్యం మాటలు నా దగ్గర బోలెడున్నాయి.

"అవునండి" అన్నాను.

తెనాలి బండి వచ్చి ఆగింది. ఆవిడే ముందు లేచింది.