లింగారావు ఇంటి పెండ్లి కార్డు

టవర్ సర్కిల్ దగ్గరి సందులో రోడ్డుకు ఇటు నా డి.టి.పి. షాపు, అటు దేవకిది. పెండ్లి కార్డులు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఇలా ఇద్దరి పనీ ఒకటే. ఒకరి షాపులోకి ఎవరు వెళ్తున్నారో ఇంకొకరు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం అందులో సగం పని.

తెలుగు కంప్యూటర్‌లోకి వచ్చిన కొత్త రోజులవి. ఒక్కో కంపెనీ అక్షరాలకు తనకు తోచిన నంబర్లు ఇచ్చుకుంది. దేవకి వాడే కంపెనీలో ‘క’కు ఒక నంబరు, నేను వాడే కంపెనీలో ఇంకొకటి. ఆమె షాపులో కొట్టిన కార్డును నా దగ్గర తెరిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. అందుకని పెద్దబిడ్డ కార్డు ఎక్కడ చేయించారో చిన్నబిడ్డ కార్డుకూ అక్కడికే పోవాలి. అందరికీ ఒకే వరుస ఉండాలని సర్కారు చెప్పింది కానీ, గిరాకీని కట్టిపడేసే తాడును ఏ కంపెనీ వదులుకుంటుంది?

నాకు ఒళ్లు మండి ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక గిరాకీ దేవకి షాపు నుంచి తెచ్చిన ఫ్లాపీని, దాని అచ్చు కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని ఏ నంబరుకు ఏ అక్షరమో పోల్చుకున్నాను. దేవకి దగ్గరి ఫైలు నా దగ్గర చక్కగా తెరుచుకుంది. అడిగినవాళ్లందరికీ ఆ ప్రోగ్రాం ఊరికే ఇచ్చాను. గొడవంతా అక్కడే మొదలైంది.

హైదరాబాద్ నుంచి దేవకి వాడే కంపెనీ ఏజెంటు దిగాడు. ముందు నా షాపుకే వచ్చాడు.

"మా నంబర్ల వరుస మా ఆస్తి. దాన్ని చదవడం దొంగతనమే" అన్నాడు.

"ఒక ఊరి పిన్‌కోడ్ అందరికి ఒక్కటే ఉంటది గద సార్. పోస్ట్‌మ్యాన్‌కొక పిన్‌కోడ్ ఉంటె ఉత్తరం ఏ ఇంటికి చేరుతది?" అన్నాను.

అతను నవ్వి రోడ్డు దాటాడు. దేవకి షాపులో చాలాసేపు కూర్చున్నాడు. అక్కడ ఏం చెప్పాడో మర్నాడు జమాలున్నీసా చెప్పింది. ఆమె దేవకి దగ్గర ఆపరేటర్, మా గల్లీ పిల్ల. "లోపలి మనిషి ఫ్లాపీ ఇవ్వకపోతే మా నంబర్లు బయటివాడికి ఎలా తెలుస్తాయి?" అన్నాడట. లోపల ఉన్నది ఇద్దరే. దేవకి తనను తాను అనుమానించుకోదు కదా.

అప్పటినుంచి మధ్యాహ్నం కాగానే దేవకికి జమాలున్నీసా ఇంటి కూరల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "ఇయ్యాల ఏం కూర తెచ్చినవే?" అంటూ టిఫిన్ డబ్బా తానే విప్పేది. అందులో దాచి నాకు చేరవేయడానికి ఫ్లాపీ పడుతుందో లేదో ఆమెకే తెలియాలి. జమాలున్నీసాకు అర్థమయ్యేది. నోరెత్తేది కాదు. ఇంట్లో తల్లి బిస్మిల్లా బీ మందులకు ఈ జీతమే ఆధారం.

నేనేమీ తక్కువ తినలేదు. దేవకే నా మీద కంపెనీకి రాసిందని నా గట్టి నమ్మకం. కొత్త గిరాకీ వస్తే ఏజెంటు మనిషేమోనని ఊరు, ఇంటిపేరు అన్నీ అడిగేవాణ్ణి. ఒకాయన విసుక్కుని, "కార్డు కొట్టమంటె పోలీసోని లెక్క అడుగుతవేంది?" అని వెళ్లిపోయాడు.

అంతలో ఒకరోజు కరెంటు ఎక్కువై దేవకి కంప్యూటర్ లాకు కాలిపోయింది. ఆ లాకు అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క, కంప్యూటర్ వెనక బిగిస్తారు. అది లేకపోతే ఆమె కంపెనీ తెలుగు కదలదు. కొత్తది కావాలంటే పాతది పట్టుకుని స్వయంగా హైదరాబాద్ రావాలన్నారు కంపెనీవాళ్లు. షాపు, బీరువా తాళాలు జమాలున్నీసా చేతిలో పెట్టి దేవకి బస్సెక్కింది. అంత అనుమానం ఉన్న మనిషి తాళాలు ఎందుకిచ్చిందని నాకు అప్పుడే తట్టాల్సింది.

ఆ రోజే లింగారావు దేవకి షాపుకు వచ్చాడు. చిన్నబిడ్డ పెండ్లి. మంచిరోజు చూసుకుని మొదటి కార్డు కొండగట్టు అంజన్న గుడిలో పెట్టాలి, ఆ మంచిరోజు మర్నాడే. జమాలున్నీసా బీరువాలోంచి ఆయన పెద్దబిడ్డ కార్డు ఫ్లాపీ తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"మహమూద్ భాయ్, జర గీ కార్డు తీసియ్యున్రి. లేకుంటె లింగారావు సారు ఇంకో షాపుకు పోతడు. అక్క గిరాకీ పోతది."

"మీ అక్కనే పంపిందా నిన్ను? నన్ను పట్టియ్యనీకెనా?"

"గామెకు తెల్వదు. తెలిస్తె నా పని ఖతం. కింద మా షాపు పేరే పెట్టున్రి, మీది గాదు."

ఇందులో ఏదో ఫరేబ్, మోసం ఉందని మనసు పీకుతూనే ఉంది. అయినా ఫైలు తెరిచాను. వత్తులు, దీర్ఘాలు సరిగా మారాయా లేదా అని ఇద్దరం ఒక్కో అక్షరం చూశాం. అక్షరాలనే చూశాం, మనుషులను చూడలేదు. పెద్దబిడ్డ పెండ్లికి చూసి కొట్టిన పేర్లే కదా అని పిల్ల పేరు, పిల్లగాని పేరు, తేదీ మార్చి ఊరుకున్నాం.

రెండోనాటికల్లా లింగారావు, టిఫిన్ డబ్బాతో పనికి వస్తున్న జమాలున్నీసాను వెంటబెట్టుకుని నా షాపులోకి వచ్చి కార్డుల కట్ట బల్ల మీద విసిరాడు. ఆహ్వానించేవాళ్ల వరుసలో మొదట ఉండాల్సిన ఆయన అన్న రామకిషన్‌రావు పేరు తమ్ముడు లింగారావు పేరు కిందికి దిగింది.

"ఇంటికి పెద్దోడు మా అన్న. దేవుని ముంగట పెట్టి, కార్డుకు పసుపు పెట్టి మొదలు ఆయనకే ఇచ్చిన. సూసి తలుపేసుకున్నడు. పెండ్లికి రానంటుండు. పిల్ల నెత్తి మీద అక్షింతలు ఎవలెయ్యాలె?"

జమాలున్నీసా ఒక కార్డు తీసి చూసింది. "పోయినసారి నేను పెద్దసారు పేరే మొదలు కొట్టిన సార్. అమ్మతోడు."

సరిగ్గా అప్పుడే దేవకి బస్సు దిగి వచ్చింది. చేతిలో కొత్త లాకు. నా షాపులో జమాలున్నీసాను చూడగానే గబగబా లోపలికి వచ్చి కార్డు అందుకుంది. పిల్ల పేరు చదవలేదు, తేదీ చదవలేదు. ఆమె చూపు నేరుగా ఆ రెండు పేర్ల మీదికే పోయింది.

"దొరికిన్రు" అంది. గొంతులో ఎంత సంబరమో. "గా బీరువల ఉన్న ఫ్లాపీలల్ల కార్డుల పేర్లు లాకు కాలకముందే కావాలని కిందిమీద చేసిపెట్టిన. అసలువి నా సంచిల ఉన్నయి. తప్పు కార్డు ఎక్కడ అచ్చయితదో ఆడనే దొంగ ఉన్నట్టు. ఇగ మాట్లాడు మహమూద్ భాయ్."

గోడ పక్కన కుర్చీలో కూలబడిన లింగారావును ఆమె అంతవరకూ చూడలేదు. ఆయన మెల్లగా లేచాడు.

"మా అన్నను ఎరగా పెట్టినవా అమ్మా?"

దేవకి కార్డును బల్ల మీద పెట్టేసింది. నాకు కోపం తన్నుకొచ్చింది. "ఎక్కడ అచ్చయిందో కింద సూడు" అన్నాను.

కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ‘దేవకి డి.టి.పి., టవర్ సర్కిల్’ అని ఉంది.

"నీ గిరాకీ పోవద్దని జమాలున్నీసానే నన్ను బతిమిలాడి తీయించింది. నా పేరు పెట్టనియ్యలే."

లింగారావు కట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. దేవకి ఆ కట్టను దగ్గరికి జరుపుకుంది. "జమాలూ, అసలు ఫ్లాపీ ఉంది గద. పేర్లు సరిచేసి ఇద్దాం. నేనే పోయి పెద్దసారు కాళ్లు మొక్కుత. రేపు జర జల్ది రా" అంది.

జమాలున్నీసా షాపు తాళాలు తీసి కార్డు మీద పెట్టింది. పక్కనే టిఫిన్ డబ్బా పెట్టి, మూత తీసి దేవకి ముందుకు జరిపింది.

"సూసుకో అక్కా. నేను పోవాలె."

డబ్బాలో రెండు రొట్టెలు, ఇంత తొక్కు పచ్చడి ఉన్నాయి. దేవకి చూసేదాకా ఆగి, మూత పెట్టుకుని వెళ్లిపోయింది.