మూడో దరువు

నేను ఒక పటాలపు డ్రమ్మును. ఫిలడెల్ఫియాలో ఒక వడ్రంగి కలపను ఉడికించి, వంచి నా ఒళ్లు చేశాడు. రెండు వైపులా దూడతోలు బిగించాడు. ఆ దూడను ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు.

అమెరికా దేశం పుట్టి అప్పటికి పదేళ్లు దాటాయి. నన్ను ఒహాయో నది పక్కన అడవిలో కట్టిన కోటకు పంపారు. అక్కడి అధికారి కర్నల్ సైలస్ వార్‌బీ. నన్ను వాయించేది ఏబ్నర్ పైక్ అనే సిపాయి.

పటాలం విడిచి పారిపోయినవాణ్ని అక్కడ కాల్చి చంపేవారు. నేను మూడు దరువులు మోగాలి. మూడోది ఆగగానే తుపాకులు పేలాలి. దీనికి కర్నల్ తన అలవాటొకటి కలిపాడు. మూడో దరువు మధ్యలో చెయ్యెత్తి క్షమించేవాడు. చావు అంచుదాకా తీసుకెళ్లి వెనక్కి లాగితే మనిషి జన్మంతా విశ్వాసంగా ఉంటాడని ఆయన నమ్మకం. రెండుసార్లు అలాగే చేశాడు. దాన్ని దయ అనుకున్నాడు.

మూడోవాడు జోనాస్ క్రీల్. భార్య చావుబతుకుల్లో ఉందని సెలవడిగితే కర్నల్ ఇవ్వలేదు. పారిపోయాడు. ఆమెను పూడ్చిపెట్టి, తనంతట తానే తిరిగొచ్చాడు.

గుంజకు కడుతుంటే తోటి సిపాయిలు నవ్వారు.

"ఏంట్రా ఆ మొహం? మూడో దరువుకి దొరగారి చెయ్యి లేస్తుందిగా! సాయంత్రం నా వాటా రమ్ము కూడా నువ్వే తాగుదువుగాని."

"పాపను పక్కింట్లో వదిలొచ్చానురా," అన్నాడు జోనాస్. "త్వరగా కానివ్వండి. దాన్ని తెచ్చుకోవాలి."

ఆ ఉదయం జల్లు పడుతోంది. నా తోలు సాగిపోయింది. పైక్ నన్ను మోసుకుని కర్నల్ దగ్గరికి వెళ్లాడు.

"తోలు తడిసిందండీ. కాసేపు నిప్పుసెగ చూపించాలి. లేదంటే మధ్యలో గొంతు పోద్ది."

"నా కాఫీ చల్లారిపోతోంది పైక్. మొదలెట్టు."

మొదటి దరువు మోగాను. రెండోది బొంగురుగా వచ్చింది. మూడోది మొదలైన కాసేపటికే నా గొంతు పడిపోయింది. పైక్ కర్రలు ఆడుతూనే ఉన్నాయి. శబ్దం లేదు. సిపాయిల కళ్లు జోనాస్ మీద, చెవులు నా మీద. దరువు ఆగిందనుకున్నారు. కాల్చారు.

కర్నల్ చెయ్యి అప్పటికి సగం లేచింది. దాన్ని అలాగే పైకి తీసుకెళ్లి టోపీ సర్దుకున్నాడు.

శిక్ష అమలు చేశానని పైవాళ్లకు రాశాడు. సరిహద్దుకు ఇలాంటి గట్టివాడే కావాలని వాళ్లు మెచ్చుకున్నారు. జనరల్‌ను చేశారు. ఆయన అడవులు నరికించాడు. ఆదివాసుల మొక్కజొన్న చేలు తగలబెట్టించాడు. వాళ్లతో ఒప్పందాలు రాయించి, తానే మాట తప్పాడు. నేనూ, పైక్ కూడా వెంట ఉన్నాం.

ప్రతి తెల్లవారుజామునా, ఎవరూ కర్ర వెయ్యకుండానే, నేను మోగేదాన్ని. మూడో దరువే. సగందాకా. అది జనరల్‌కూ పైక్‌కూ తప్ప ఇంకెవరికీ వినిపించేది కాదు. జనరల్ నా తోలు కోయించాడు. తోలు లేకుండానే మోగాను.

చివరికి ఆయన మంచం పట్టి పైక్‌నూ నన్నూ పిలిపించాడు.

"నేను చెయ్యెత్తాను. నువ్వు చూశావుగా?"

"చూశానండీ. టోపీ సర్దుకున్నారు."

"క్షమించానని ఒక్కమాట అను పైక్."

"నేనెవర్నండీ? జోనాస్‌నే అడగండి."

జనరల్ నా వైపు తిరిగి జోనాస్‌ను పేరుపెట్టి పిలిచాడు. నేను మోగాను. ఈసారి సగంలో ఆపలేదు. చివరిదాకా మోగి ఆగాను.

గదిలో తుపాకులు లేవు. అయినా ఆయన ఛాతీ ఒక్కసారి ఎగిరిపడి, ఆపైన కదల్లేదు.

ఇప్పుడు మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. మళ్లీ మోగలేదు. అవసరం రాలేదు.