విట్‌ఫీల్డ్ హాల్ వెనక గడప

విట్‌ఫీల్డ్ హాల్‌కు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో సగం గుర్రాలదే. మద్రాసు సైన్యానికి గుర్రాలమ్మి సంపాదించిన విట్‌ఫీల్డ్ దొర, మెల్‌బోర్న్‌కు దక్షిణాన సముద్రం కనిపించేలా ఈ మేడ కట్టించాడు. ఆదివారాలు దాన్ని జనానికి తిప్పి చూపించే వాలంటీర్లలో నేనొకదాన్ని. నలభై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో మత్తుమందిచ్చి రిటైరైన ఈ డాక్టర్ శేషుకుమారికి మనుషుల్ని నిద్రపుచ్చడం కొత్తేం కాదు.

హాల్లో ఓ పాత ఫొటో ఉంది. దొర, దొరసాని, నలుగురు పిల్లలు, రెండు గుర్రాలు. అందరికీ కింద పేర్లున్నాయి, గుర్రాలకైతే వంశవృక్షం కూడా. ఓ చివర చీర కట్టుకుని చంటిపిల్లను ఎత్తుకున్న మనిషి కింద మాత్రం 'ఆయా' అని ఉంది. ఆహా, ఏం శ్రద్ధ!

వంటింటి వెనక రాతి గడప మీద ఏవో గీతలున్నాయి. తాపీవాళ్ల గుర్తులని మా కరపత్రం చెబుతుంది, నేనూ మూడేళ్లు చిలకలా అదే చెప్పాను. పోయిన చలికాలంలో ఓ రోజు వంగి చూద్దును కదా, చుక్కలు! మేకుతోనో దేనితోనో చెక్కిన ముగ్గు. అంటే ఫొటోలోని ఆ ఆయా మన వైపు మనిషే.

ఆవిడ పేరు వెతికి బోర్డు మీద పెట్టాల్సిందేనని కమిటీ ప్రెసిడెంట్ మిసెస్ బార్ట్‌లెట్‌ను పట్టుకున్నాను.

"శేషూ డియర్, సోర్స్ కావాలిగా" అందామె ఇంగ్లీషులో.

"గుర్రాలొచ్చి తమ పేర్లు చెప్పుకున్నాయా?" అన్నాను.

మూడు నెలలు పోట్లాడాను. ఓడల ప్రయాణికుల జాబితాలు తిరగేయించాను. వాటిలోనూ 'విట్‌ఫీల్డ్ గారి ఆయా' అనే ఉంది, ఖర్మ! చివరికి 'పేరు తెలియని భారతీయ ఆయా వేసిన ముగ్గు' అని బోర్డు పెడతామన్నారు. నేను ససేమిరా అన్నాను. తెలియకపోవడమేమిటి, మీ దొరలు కనుక్కోలేదు, ఆ ముక్కే రాయండన్నాను.

మెల్‌బోర్న్ శివార్లలో, క్లైడ్ నార్త్‌లో ఉన్న మా అమ్మాయింట్లో భోజనాల దగ్గర ఈ ఘనకార్యమంతా చెప్పుకున్నాను. పన్నెండేళ్ల మనవరాలు గీతిక ఫోన్ పక్కన పెట్టి మరీ వింది.

"సో హూ డిడ్ ద ముగ్గు ఎట్ యువర్ హౌస్, అమ్మమ్మా? యూ?"

"నేనెక్కడే! మా చిన్నప్పుడు పనిమనిషి వేసేది. రోజూ పొద్దున్నే, ఎంత బాగా వేసేదనీ!"

"వాట్ వాజ్ హర్ నేమ్?"

నోరు తెరిచాను. ఆవిడ మట్టిగాజులు గుర్తున్నాయి. దగ్గు గుర్తుంది. నాకు టైఫాయిడొస్తే మంచం పక్కన కూర్చుని కళ్లు తుడుచుకోవడం గుర్తుంది. పేరు రాలేదు. ఏలూరులో ఉన్న మా అక్కకు అక్కడే ఫోన్ కలిపి అడిగాను.

"దాని పేరా? ఏమోనే. ఒసేయ్ అంటే పలికేదిగా!" అని నవ్వింది అక్క.

నాకు తల కొట్టేసినట్టయింది. గీతిక ఇంకా నా జవాబు కోసమే చూస్తోంది.